కామెర్లొస్తే "తాగుతావా" అని అడిగారు: నా హెపటైటిస్ ఎ అనుభవం

ఈరోజే మూడో రిపోర్ట్ వచ్చింది, బిలిరుబిన్ (రక్తంలో కామెర్లు తెచ్చే పసుపు పదార్థం) 1.1 కి దిగింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

మాది ఖమ్మం దగ్గర ఊరు, కూకట్‌పల్లిలో లేడీస్ హాస్టల్లో ఉంటున్నా. నాలుగు రోజులు జ్వరం, వాంతులు, అన్నం ఉడికే వాసనొస్తే చాలు కడుపులో తిప్పేది. ఐదో రోజు యూరిన్ డికాషన్ రంగులో వచ్చింది, అద్దంలో చూస్తే కళ్ళు పచ్చగా ఉన్నాయి. టెస్టుల్లో బిలిరుబిన్ 9, లివర్ దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ 1,800 పైన, హెచ్ఏవీ ఐజీఎం పాజిటివ్, అంటే హెపటైటిస్ ఎ వైరస్ ఈమధ్యే సోకిందని. ఇదంతా ఒక్క రోజులో తేలిపోయింది.

అసలు నరకం హాస్టల్లో. ఊరెళ్తున్నా అని చెప్పడానికి రిపోర్ట్ పట్టుకుని కిందకెళ్తే, ఇరవై మంది టిఫిన్ తింటుండగా వార్డెన్ ఆంటీ "ఏమ్మా, లివర్ జబ్బంట, తాగుతావా? నిజం చెప్పు, మీ నాన్నకి ఫోన్ చేస్తా" అంది. జన్మలో చుక్క ముట్టలేదు నేను. నోట మాట రాలేదు. వెనక ఎవరో "అది సూదుల వల్ల, రక్తం వల్ల వచ్చేదేగా" అన్నారు. అది హెపటైటిస్ బి, సి అండీ. ఎ అనేది మలం కలిసిన నీళ్ళు, తిండి వల్ల నోట్లోంచి పోయేది, తగ్గిపోయాక ఒంట్లో ఉండిపోదు కూడా. ఇదంతా చెప్పే ఓపిక లేక ఏడ్చేశా. నా కంచం, గ్లాసు తీసి మెట్ల మీద విడిగా పెట్టించింది.

నాకు మండేది ఇక్కడే. కళ్ళు పచ్చబడేసరికి అంటించే కాలం చాలావరకు అయిపోవస్తుంది, బాగా అంటుకునేది దానికి ముందు రెండు వారాల్లో. అంటే నాకేం లేదనుకుని ఆదివారం రూమ్మేట్లకి పులిహోర కలిపి పెట్టిన రోజుల్లో! డాక్టర్ ఆ మాట అనగానే నా సంగతి మర్చిపోయా. రెండు వారాల్లోపు టీకా వేస్తే కాపాడొచ్చంటే ఇద్దర్నీ ఆ సాయంత్రమే తోలుకెళ్ళి వేయించా. కంచం విసిరేసిన వాళ్ళకి ఈ ఆలోచన రాలేదు, నాకొచ్చింది.

ఇంకోటి, అందరూ "నిన్న ఏం తిన్నావ్" అనేవాళ్ళే. వైరస్ లోపలికెళ్ళాక బయటపడడానికి 15 నుంచి 50 రోజులు పడుతుంది, సగటున 28. నా అనుమానం హాస్టల్ నీళ్ళ మీదే. దాదాపు నెల క్రితం పక్కన డ్రైనేజీ తవ్వారు, రెండ్రోజులు ట్యాంకు నీళ్ళు కంపు కొట్టాయి, అడిగితే "తాగే నీళ్ళకి ఫిల్టర్ ఉందిగా" అన్నారు. మరి పచ్చి కొత్తిమీర, ఉల్లిపాయలు కడిగేది ఏ నీళ్ళతో? మరిగిన సాంబార్లో వైరస్ చస్తుంది, పచ్చివాటిలో ఎలా చస్తుంది?

ఇంటికెళ్తే అమ్మ పసరు మందంది, నాన్న చెయ్యి కాల్చే ఆయన దగ్గరికి పదమన్నాడు. బతిమాలి ఆపా. దీనికి ప్రత్యేకంగా మందు లేదు, చాలామందికి దానంతటదే తగ్గుద్ది, పసరు తాగినోళ్ళకి తగ్గేదీ అందుకే. పారాసిటమాల్ కూడా డాక్టర్‌ని అడక్కుండా మింగొద్దు, నేను మింగి తిట్లు తిన్నా. మగతగా ఉన్నా, తికమకగా మాట్లాడుతున్నా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. చేతులు సబ్బుతోనే కడగండి, శానిటైజర్‌ని నమ్ముకోకండి.

నిన్న సామాన్ల కోసం హాస్టల్‌కెళ్ళా. నా కంచం ఇంకా మెట్ల మీదే ఉంది. ట్యాంకు కడగలేదంట. అడ్వాన్స్ వచ్చే నెల ఇస్తామన్నారు.