ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ హైస్కూళ్ల మధ్య ఒక చలికాలం

మా అమ్మాయి వచ్చే ఏడాది తొమ్మిదో తరగతిలోకి వెళ్తుంది కనుక, వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో ఏ పబ్లిక్ హైస్కూల్ పరిధిలో ఇల్లు చూసుకోవాలన్న ఆలోచనతోనే ఈ చలికాలమంతా గడిచింది. బడులకు రేటింగ్ ఇచ్చే వెబ్‌సైట్లు పదికి ఎన్ని మార్కులిచ్చాయో చూసి బడిని ఎంచడం నేను మొదట చేసిన పొరపాటు. పరీక్షా ఫలితాల మీద ఎక్కువగా ఆధారపడే ఆ అంకె, అక్కడి కుటుంబాల స్థితిగతులను చెప్పినంతగా బోధనను చెప్పదు.

అసలు తేడా నాకు పాఠ్యక్రమంలో కనిపించింది. చాంటిలీ, ఓక్టన్ బడుల్లో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే కాలేజీ స్థాయి కోర్సులున్నాయి: పిల్లలు తమకు ఆసక్తి ఉన్న సబ్జెక్టులు మాత్రమే తీసుకుని, మే నెలలో 1 నుంచి 5 వరకు స్కోరు ఇచ్చే పరీక్ష రాయవచ్చు. మార్షల్, రాబిన్సన్, సౌత్ లేక్స్ బడులది ఐబీ, అంటే ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే అంతర్జాతీయ పాఠ్యక్రమ మార్గం. పూర్తి డిప్లొమా కావాలంటే ఆరు సబ్జెక్టులు చదవాలి, 4,000 పదాల వరకు సాగే పరిశోధనా వ్యాసం రాయాలి, తరగతి గది బయట సేవా కార్యక్రమాల్లోనూ పాల్గొనాలి. పదో తరగతి కాగానే ఎంపీసీయా, బైపీసీయా తేల్చుకోవలసి వచ్చి, ఇష్టమైన చరిత్రను అక్కడితో వదిలేసిన నాకు, గణితమూ సాహిత్యమూ చరిత్రా చివరిదాకా కలిసి నడిచే ఆ పద్ధతి మనసుకు బాగా తాకింది.

1985లో మొదలైన థామస్ జెఫర్సన్ సైన్స్ హైస్కూల్‌కు విడిగా దరఖాస్తు చేసుకోవాలి. అమ్మాయికి ఆసక్తి లేదు కనుక ఆ మాట ఎత్తలేదు.

తనకు వ్యాసాలు రాయడం ఇష్టం. అందుకే ఇప్పుడు ఐబీ ఉన్న బడుల పరిధిలోనే అద్దె ఇళ్లు చూస్తున్నాము.