గుడియా మేకు: పదకొండోది కూడా మెడ దగ్గరే పగిలింది

పొద్దున లేచి తడిగుడ్డ తీసి చూస్తే పదకొండో మట్టి మేకుకూ మెడ దగ్గర పగులు. రాత్రి పడుకునే ముందు చూసినప్పుడు వెంట్రుకంత గీత కూడా లేదు. ముప్పావుగంట కూర్చుని పది గడులూ ఒక్క తప్పు లేకుండా రాసిన మేకు ఇది. కాసేపు ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

నేను చేస్తున్నది గిర్సులో దొరికిన గుడియా మేకుకు నకలు. దక్షిణ ఇరాక్‌లో ఇప్పుడు తెల్లో అంటున్న దిబ్బల దగ్గర ఒకప్పుడు లగాష్ రాజ్యానికి చెందిన గిర్సు నగరం ఉండేది. సుమారు నాలుగు వేల నూట ముప్పై ఏళ్ల కిందట అక్కడి పాలకుడు గుడియా, నిన్‌గిర్సు దేవుడికి ఎనిన్ను అనే గుడిని మళ్లీ కట్టించాడు. ఆ గుడి కోసం మట్టితో మేకులు చేయించి, వాటి మీద త్రికోణం తల ఉన్న గీతలతో రాసే క్యూనిఫాం లిపిలో రాయించాడు. అవి వెయ్యికి పైగానే దొరికాయి, అన్నింటి మీదా దాదాపు ఒకటే మాట: 'ఎన్లిల్ దేవుడి బలమైన వీరుడు నిన్‌గిర్సు కోసం, లగాష్ పాలకుడు గుడియా తగిన పనిని వెలిగేలా చేశాడు. తెల్లని అంజూ పక్షి అయిన ఎనిన్నును కట్టాడు, దాని చోట దాన్ని నిలబెట్టాడు.' అంజూ అంటే వాళ్ల పురాణాల్లోని ఉరుముల పక్షి. పది పంక్తులు, పంక్తికో గడి, అంతే. గోడలోకి దిగిన మేకు మీది రాతను మనుషులు చదవలేరు. అది దేవుడికీ, తర్వాత ఎప్పుడో ఆ గోడ తవ్వే రాజుకీ రాసింది. నాకు ఈ పిచ్చి పట్టింది అక్కడే.

ఇక పగులు సంగతి. మేకు పొడవు తడిగా 13 సెంటీమీటర్లు, ఆరాక 12 చిల్లర. తల వెడల్పు 5.2, మందం 1.2. తల కింద మెడ దగ్గర కాడ 3.4 ఉంటుంది, కొస దగ్గర 1.2. కొలతలన్నీ మిటుటోయో కాలిపర్‌తో తీసినవే. ఖరీదు ఎక్కువే కానీ తడి మట్టిని నొక్కకుండా కొలవడానికి నాకు అంతకంటే నమ్మకమైనది దొరకలేదు. బరువు తడిగా 164 గ్రాములు, పూర్తిగా ఆరాక 131. పగులు ప్రతిసారీ 150కీ 145కీ మధ్యలో బయటపడుతోంది. అంటే మట్టి బాగా ముడుచుకునే దశలోనే.

మొదటి మూడింటికీ తల వేరుగా చేసి బంకమట్టి నీళ్లతో అతికించాను. మూడూ ఊడిపోయాయి, అందులో వింతేమీ లేదు. నాలుగో దాని నుంచి ఒకే ముద్దలోంచి లాగుతున్నాను. నాలుగు, ఐదు, ఆరు, ఏడు, అన్నీ మెడ దగ్గరే పగిలాయి. తల మందంగా ఉండి ఆలస్యంగా ఆరుతోంది, కాడ ముందే ముడుచుకుంటోంది, అందుకే అనుకున్నాను. ఆరో దానికి తల మందం 0.9కి తగ్గించాను, లాభం లేదు. ఏడో దానికి మట్టిలో సన్నటి ఇసుక పదో వంతు కలిపాను. పగులు సన్నబడింది కానీ పోలేదు. పైగా ఇసుక రేణువులు ఘంటానికి అడ్డం పడి గీతల అంచులు చెడిపోయాయి.

ఎనిమిది, తొమ్మిది ఏమీ రాయకుండా అలాగే ఆరబెట్టాను. రెండూ శుభ్రంగా ఆరాయి! అప్పుడే అర్థం కావాల్సింది. రాసేటప్పుడు కాడకు గాలి తగులుతోంది, తల నా అరచేతి చెమ్మలో ఉంటోంది, తేడా అక్కడే వస్తోందని మళ్లీ ఆరుదల మీదకే పోయాను. పదోదాన్ని చేత్తో పట్టుకోకుండా ఇసుక పరిచి దాని మీద పడుకోబెట్టి రాశాను. మెడ పగల్లేదు. కానీ ఒక పక్క రాస్తుంటే రెండో పక్క రాసినది చదునైపోయింది, గీతల్లోకి ఇసుక దూరింది. అది లెక్కలోకి రాదని పక్కన పెట్టేశాను, పొరపాటు చేశాను. పదకొండోదాన్ని మళ్లీ చేత్తోనే పట్టుకుని రాసి, తడిగుడ్డ చుట్టి, మూతపెట్టిన డబ్బాలో ఉంచి రోజుకు రెండు గ్రాముల కంటే ఎక్కువ తగ్గకుండా చూశాను. అదీ పగిలింది.

ఇవాళ చేత్తో పట్టుకుని రాసిన ఐదింటినీ బల్ల మీద వరుసగా పెట్టి చూశాను. పగులు ఏ ఒక్క దానికీ మెడ చుట్టూ గుండ్రంగా లేదు. ఏటవాలుగా ఉంది, ఐదింటికీ ఒకే వైపు వాలు. ఆరుదల వల్ల అయితే ఐదూ ఒకే వైపు ఎందుకు వాలతాయి? రాసేటప్పుడు ఎడమచేత్తో తల పట్టుకుని, ఒక గడి అయిపోగానే మేకును కొంచెం తిప్పుతాను. కుడిచేతి బొటనవేలు కాడను కదలకుండా ఆపుతుంది. మెడలో మెలి పడుతోంది. అప్పటికి కంటికి కనిపించదు, ముడుచుకునేటప్పుడు నోరు తెరుస్తోంది.

మట్టి ఇచ్చే కుమ్మరి తాతకు ఐదూ తీసుకెళ్లి చూపించాను. ఒకటి చేతిలోకి తీసుకుని పగులు మీద గోరు నడిపి, "మెడ పట్టుకు తిప్పావు కదా బాబూ" అన్నాడు. నేనేమీ చెప్పకముందే!

ఎక్కువసార్లు తిప్పాల్సి వచ్చేది రెండు చోట్ల. ఒకటి లగాష్ పేరు. దాన్ని పలికినట్టు రాయరు, షిర్, బుర్, లా, కి అని నాలుగు గుర్తులు వేయాలి. చివరి కి 'ఇది ఒక ఊరు' అని చెప్పే గుర్తు. రెండోది ఎనిన్ను. నిన్ను అంటే యాభై, 'యాభై ఇల్లు' అని గుడి పేరు. యాభైకి అయిదు పదులు, అంటే ఘంటం మూలతో అయిదు గుంటలు పక్కపక్కనే నొక్కాలి. చదును పలక మీద ఇది అర నిమిషం పని. గుండ్రటి కాడ మీద నాలుగోది నొక్కేసరికి మొదటిది సగం మూసుకుపోతుంది. సరిచేయడానికి వెనక్కి తిప్పడం, మళ్లీ ముందుకు తిప్పడం. మెలి ఎక్కువగా పడేది ఇక్కడే అని నా అనుమానం.

ఘంటం విషయంలో మాత్రం ఇప్పుడు నాకు సందేహం లేదు. చాలామంది వాడే పలకల చాప్‌స్టిక్‌తో గీత పడుతుంది కానీ త్రికోణం తల మొద్దుగా వస్తుంది. కొల్లేరు నుంచి తెప్పించిన కిక్కిస కాడ చీల్చి వాడితే అంచు పదునుగా తెగుతుంది. ఇరాక్ చిత్తడి నేలల్లో పెరిగే రెల్లు కూడా ఈ జాతిదే. గాలికి ఆరే రెడీమేడ్ మట్టి జోలికి మాత్రం వెళ్లకండి, అందులో పీచు ఘంటానికి అంటుకుని లేచి వస్తుంది.

ఇంత తంటా ఒక మేకు కోసమా అని ఇంట్లో అడుగుతున్నారు. 1877లో ఫ్రెంచ్ ఉద్యోగి ఎర్నెస్ట్ ద సార్జెక్ తెల్లోలో తవ్వడం మొదలుపెట్టినప్పటి నుంచి ఈ మేకులు లోకమంతా చెదిరిపోయాయి. 2003లో లండన్‌లో ఒక వ్యాపారి దగ్గర పోలీసులు పట్టుకున్న ఎనిమిది వస్తువుల్లో ఇలాంటివి మూడున్నాయి. వాటి మీద గుడియా పేరు, నిన్‌గిర్సు పేరు, గుడి పేరు ఉన్నాయి కాబట్టే అవి ఏ గోడవో బ్రిటిష్ మ్యూజియం వాళ్లు చెప్పగలిగారు. 2018లో వాటిని ఇరాక్‌కు తిరిగి ఇచ్చేశారు. ఆ పది పంక్తులే వాటిని ఇంటికి చేర్చాయి. అందుకే నా మేకు మీద ఒక్క గుర్తు అరిగినా నాకు మనసు ఒప్పుకోదు.

పన్నెండోదానికి పద్ధతి మార్చాను. వెదురుబొంగును నిలువునా చీల్చి, లోపల తడి నూలుగుడ్డ పరిచి, అందులో మేకును పడుకోబెట్టి రాశాను. తలను అసలు ముట్టుకోలేదు. తిప్పాల్సి వస్తే గుడ్డ అంచు లాగితే మేకు మొత్తం ఒకేసారి దొర్లుతుంది. గుడ్డ నేత అచ్చు కాస్త పడింది, ఈసారి పాత పట్టుపంచె ముక్క వాడి చూస్తాను. ఇప్పుడు బరువు 149, మెడ దగ్గర ఏమీ లేదు. 145 దాటేదాకా టెన్షనే.

ఇది నిలబడితే తర్వాత ఇటుక. గుడియా ఇటుకలు దాదాపు 32 సెంటీమీటర్ల చదరం, మన ఇటుకల్లా పొడుగ్గా ఉండవు. గుడి కట్టడం గురించి చెప్పే పెద్ద మట్టి సిలిండర్ల మీద, గుడియా స్వయంగా అచ్చులో మొదటి ఇటుక పోయడం, తేనె, నెయ్యి వాడటం వివరంగా ఉంది. అంతకుముందు కలలో కనిపించిన ఆకాశమంత మనిషి ఎవరో అడగడానికి పడవెక్కి నాన్షే దేవత దగ్గరికి వెళ్లిందీ అందులోనే ఉంది. అచ్చుకు టేకు కావాలని వడ్రంగిని అడిగాను, ముడుచుకోవడానికి లెక్కేసి లోపలి కొలత 34.5 చెప్పాను. ఆదివారం ఇస్తానన్నాడు.