వైవాలో ఒక్క సీటీ బొమ్మ దగ్గర తప్పాను: మెడికల్ ఫిజిక్స్ ప్రిపరేషన్ అనుభవం

మెడికల్ ఇమేజింగ్‌లో ఫిజిసిస్ట్‌గా స్థిరపడాలని చదువుతున్న మిత్రుల కోసం ఇది రాస్తున్నాను. రాత పరీక్ష మొదటిసారే పాసయ్యాను. వైవాలో (మౌఖిక పరీక్షలో) పోయింది. మళ్లీ కూర్చున్నప్పుడు గట్టెక్కాను. ఈ రెండు వైవాల మధ్య నా చదువు ఎలా మారిందో చెబితే మీకు ఉపయోగపడుతుందని నా నమ్మకం.

మొదటి వైవాలో ఒక సీటీ బొమ్మ చూపించారు. ఇసుక చల్లినట్టు గరుకుగా ఉంది. ఏం చేస్తారని అడిగారు. ఎంఏఎస్ (ఎంత ఎక్స్-రే పంపాలో నిర్ణయించే సెట్టింగ్) పెంచుతానన్నాను. నాయిస్ (ఆ గరుకుదనం) సగానికి తగ్గాలంటే ఎంత పెంచాలి? నాలుగు రెట్లు. మరి పేషెంట్‌కి డోసు? అదీ నాలుగు రెట్లే. అంతవరకూ టకటకా చెప్పేశాను. అప్పుడు అడిగారు: "ఇది కిడ్నీలో రాయి ఉందేమోనని తీసిన స్కాన్. రాయి కనబడుతోందా?"

కనబడుతోంది. తెల్లగా, స్పష్టంగా. నేను దాని వైపు చూడనే లేదు. కావలసింది ఆ బొమ్మలో అప్పటికే ఉంది, నేనేమో పేషెంట్‌కి నాలుగు రెట్ల డోసు ఇవ్వడానికి సిద్ధపడ్డాను. అదే లివర్‌లో చిన్న గడ్డ కోసం వెతుకుతున్న స్కాన్ అయితే ఆ నాయిస్‌లో అది కలిసిపోయేది, నా జవాబు ఆలోచించదగ్గదే అయ్యేది. ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఈ బొమ్మ తీశారన్నది ముందు తెలుసుకోవాలి. ఆ రోజు ఇంటికొచ్చాక చాలాసేపు పుస్తకం ముట్టుకోలేకపోయాను.

తర్వాత నోట్స్ అంతా తిరగరాశాను. ప్రతి సూత్రం కింద బొమ్మలో ఏం మారుతుంది, పేషెంట్‌కి ఏమవుతుంది అని రాసుకున్నాను. ఉదాహరణకు కేవీపీ, అంటే ఎక్స్-రే ట్యూబుకిచ్చే వోల్టేజి, తీసుకోండి. తగ్గిస్తే కాంట్రాస్ట్ పెరుగుతుందని అందరం బట్టీ పడతాం. కానీ రక్తనాళాలు కనబడేందుకు అయోడిన్ మందు ఇచ్చిన స్కాన్‌లో ఎందుకంత తేడా వస్తుంది? అయోడిన్ కె-ఎడ్జ్, అంటే అది కిరణాలను ఒక్కసారిగా ఎక్కువ పీల్చుకోవడం మొదలుపెట్టే శక్తి, 33.2 కెఈవీ. కేవీపీ తగ్గిస్తే ఎక్స్-రే శక్తి అటువైపు జరుగుతుంది, అయోడిన్ ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది, రక్తనాళాలు మెరుస్తాయి. సన్నగా ఉన్నవాళ్లకు ఇది వరం. భారీ శరీరమైతే కిరణాలు డిటెక్టర్ దాకా సరిగా చేరవు, నాయిస్ ముంచేస్తుంది. ఈ ఒక్క విషయానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ వృథా కాలేదు.

ఎంఆర్‌ఐ అంటే చాలామందికి టెన్షన్. అయస్కాంత క్షేత్రంలో హైడ్రోజన్ ప్రోటాన్లు తిరిగే ఫ్రీక్వెన్సీ ఒక టెస్లాకు 42.58 మెగాహెర్ట్జ్ అన్నది మర్చిపోకండి, 1.5 టెస్లా దగ్గర దాదాపు 64 వస్తుంది. టీ1, టీ2 (ఎంఆర్‌ఐ బొమ్మల్లో తేడా తెచ్చే రెండు రిలాక్సేషన్ సమయాలు) గ్రాఫులు గీసి వదిలేయకుండా మెదడు బొమ్మలు పక్కపక్కన పెట్టుకుని చూడండి: వెన్నుద్రవం టీ1లో నల్లగా, టీ2లో తెల్లగా ఉంటుంది. స్కాన్ జరగనప్పుడు కూడా అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుందన్నది భద్రత ప్రశ్నల్లో మొదట చెప్పాల్సిన మాట.

అల్ట్రాసౌండ్‌కి శరీరంలో ధ్వనికుండే సెకనుకు 1540 మీటర్ల వేగం, దాని నుంచి లోతు లెక్కలు సాధన చేస్తే చాలావరకు సరిపోతుంది. న్యూక్లియర్ మెడిసిన్‌లో హాఫ్‌లైఫ్ (రేడియోధార్మికత సగానికి తగ్గే సమయం) టెక్నీషియం-99ఎంకు 6 గంటలు, ఫ్లోరిన్-18కి సుమారు 110 నిమిషాలు. హాఫ్‌లైఫ్ లెక్కలు కాలిక్యులేటర్ లేకుండా చేయడం అలవాటు చేసుకోండి.

వీలైనంతసేపు మెషీన్ పక్కన నిలబడండి. పొద్దున్నే వాటర్ ఫాంటమ్ (నీళ్లు నింపిన పరీక్ష డబ్బా) స్కాన్ చేసి హౌన్స్‌ఫీల్డ్ నంబర్ (ఒక పదార్థం ఎక్స్-రేను ఎంత ఆపుతుందో నీటితో పోల్చి చెప్పే అంకె, నీటికి సున్నా) సున్నాకు దగ్గరగా వచ్చిందో లేదో మీరే చూస్తే పుస్తకంలోని నిర్వచనానికి ప్రాణం వస్తుంది. అలన్ కార్మాక్ కథ నాకు ధైర్యమిచ్చింది. ఆయన న్యూక్లియర్ ఫిజిసిస్ట్. 1956లో కేప్‌టౌన్‌లోని ఒక ఆసుపత్రిలో వారంలో కొంత సమయం పనిచేయాల్సి వచ్చింది. రేడియోథెరపీ ప్లానింగ్ చూస్తుంటే, శరీరం లోపల ఎక్కడ ఎంత కిరణం ఆగిపోతోందో తెలియకుండా డోసు ఎలా లెక్కిస్తారన్న ప్రశ్న పుట్టింది. ఆ ప్రశ్నే ఆయన్ను సీటీ గణితం దాకా తీసుకెళ్లింది. 1979లో సీటీ స్కానర్ తయారుచేసిన ఇంజినీర్ హౌన్స్‌ఫీల్డ్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు.

రెండో వైవాలో చివరి ప్రశ్న: గర్భిణి అని తెలియక ఒకావిడకు పొట్ట సీటీ తీసేశారు, ఇప్పుడేం చేస్తారు? ఆ స్కాన్ సెట్టింగులు, సీటీడీఐ (స్కానర్ చూపే డోసు సూచిక), గర్భం వయసు తీసుకుని బిడ్డకు అందిన డోసు అంచనా వేస్తానన్నాను. ఇలాంటి ఒక్క స్కాన్‌లో అది సాధారణంగా 100 మిల్లీగ్రేలకు బాగా తక్కువే ఉంటుందని, ఆ స్థాయి లోపు రేడియేషన్ కారణంగా గర్భం తీయించుకోవడం సమంజసం కాదని ఐసీఆర్‌పీ (అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం) చెబుతుందని వివరించాను.

"సరే, ఆవిడ ఎదురుగా కూర్చుని ఏడుస్తోంది. ఇవే మాటలు చెబుతారా?"

కాసేపు ఆగి, ఆవిడతో మాట్లాడుతున్నట్టే చెప్పాను: "అమ్మా, మీ స్కాన్ వివరాలన్నీ తీసుకుని లెక్క నేనే చేశాను. బిడ్డకు అందింది తక్కువే. ప్రమాదం అస్సలు లేదని అనను గానీ, అది చాలా చిన్నది. ఈ లెక్క మీ డాక్టరుగారికి కూడా రాసిస్తాను. మీకు ఏ అనుమానం ఉన్నా ఇప్పుడే అడగండి, నేను ఇక్కడే ఉంటాను."