తనకి లెక్కలు బాగా వస్తాయి

“ఇంకేమైనా చెప్పాలా మేడం?” అని ఆవిడ లేవబోతూ అడిగింది. “ఏం లేదండీ” అన్నాను.

2025 మార్చిలో, కాలిఫోర్నియాలో నేను పనిచేసే మిడిల్ స్కూల్లో, ఒక తల్లి తన బిడ్డ చదువు గురించి టీచర్‌తో మాట్లాడటానికి వచ్చినప్పుడు జరిగిందిది. ఎవరినీ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను. ఆవిడది మా విశాఖపట్నమే. నాదీ వైజాగే అని తెలియగానే నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. పరాయి దేశంలో మన ఊరి మనిషి ఎదురైతే ఎలా ఉంటుందో అక్కడ ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. అలాంటి మనిషి కళ్ళలోకి చూస్తూ ఏం లేదన్నాను. కానీ ఉంది.

నేను 2012లో మావారి వెంట హెచ్4 వీసా మీద వెళ్ళాను. ఎంసీఏ చదివి కూడా ఇంట్లో కూర్చున్నాను. 2015లో హెచ్4 మీద ఉన్న కొందరికి పనిచేసుకునే అనుమతి ఇచ్చారు. మా గ్రీన్‌కార్డు కాగితాలు కాస్త ముందుకు కదిలాక నాకూ అది వచ్చింది. అప్పటికి సాఫ్ట్‌వేర్ చేతిలోంచి జారిపోయింది. బాబు స్కూల్ టైములకి కుదురుతుందని బడిలో చేరాను. టీచర్ పాఠం చెబుతుంటే వెనకబడిన పిల్లల పక్కన కూర్చుని అర్థమయ్యేలా చెప్పే ఉద్యోగం. గంటల లెక్కన జీతం, వేసవి సెలవుల్లో అదీ ఉండదు. అయినా ఇష్టపడి చేస్తున్నాను.

మా కంప్యూటర్‌లో పిల్లల జాబితా తెరిస్తే కొందరికి రెండు పేర్లుంటాయి. ఒకటి రికార్డులోది, ఒకటి వాళ్ళు పిలవమన్నది. చాలామందికి అది మామూలు ముద్దుపేరే. మన పొడవాటి పేర్లు అక్కడివాళ్ళకి నోరు తిరగక కుదించినవి. కొందరికి మాత్రం సంగతి వేరు. పుట్టినప్పుడు అబ్బాయి అని రాస్తే అమ్మాయి పేరుతో, అమ్మాయి అని రాస్తే అబ్బాయి పేరుతో పిలవమంటారు. ఆవిడ బిడ్డ అలా అడిగిన వాళ్ళలో ఒకరు. ఆడపిల్లో మగపిల్లాడో ఇక్కడా రాయను. ఎనిమిదో తరగతి. క్లాసులో అందరికీ ఆ కొత్త పేరే అలవాటు. ఇంట్లో తెలియదని, ఇంటివాళ్ళ ముందు రికార్డులో పేరే వాడమని స్కూల్ కౌన్సిలర్ నాకు ముందే చెప్పింది.

ఆ రోజు తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే ఉన్నానని, టీచర్ ఇంగ్లీషులో చెప్పేది ఆ తల్లికి తెలుగులో చెప్పమన్నారు. పాత పేరు పలికితే ఆ బిడ్డకి ద్రోహం చేసినట్టు ఉంటుంది. కొత్త పేరు పలికితే తల్లి అక్కడే కూలబడుతుంది. పేరు వదిలేద్దామన్నా తెలుగులో వచ్చాడు అనాలి, లేదా వచ్చింది అనాలి. హీ, షీ అని ఇంగ్లీషువాళ్ళు పడే గొడవ మనకి క్రియలోనే ఉంది.

నా నోరు తనంతట తనే ఒక దారి వెతుక్కుంది. తనకి లెక్కలు బాగా వస్తాయి. తనకి సైన్స్ అంటే ఇష్టం. హోంవర్క్ టైముకి ఇవ్వడం లేదు. గ్రూపులో ఎక్కువగా మాట్లాడటం లేదు. ‘తనకి’ అని మొదలుపెట్టినా, ‘లేదు’ అని ముగించినా ఆడా మగా తేలక్కర్లేదు. పదిహేను నిమిషాలూ అలాగే నడిపాను. మధ్యలో ఆవిడ తన బాధ చెప్పుకుంది. “రాత్రిళ్ళు నిద్ర పోవడం లేదండీ. పిలిచినా గదిలోంచి రావడం లేదు. అన్నం కూడా సరిగా తినడం లేదు. స్కూల్లో ఫ్రెండ్స్ ఉన్నారా?” ఉన్నారండీ అన్నాను. అది నిజమే. ఆ తర్వాతే, ఇంకేమైనా చెప్పాలా అని అడిగింది.

ఆ రాత్రి మావారితో కూడా చెప్పలేక ఒక్కదాన్నే ఏడ్చాను.

కాలిఫోర్నియాలో ఈ గొడవ ఎలా పెరిగిందో చెప్పాలి. 2023 జులైలో చినో వ్యాలీ అనే స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థ) ఒక రూల్ పెట్టింది. పిల్లలు వేరే పేరుతోనో, రికార్డులో లేని జెండర్‌తోనో పిలవమని అడిగితే మూడు రోజుల్లోగా ఇంటికి చెప్పాలని. ఆ ఆగస్టులోనే రాష్ట్ర అటార్నీ జనరల్ రాబ్ బోంటా దాని మీద కోర్టుకి వెళ్ళారు. 2024 జులైలో గవర్నర్ న్యూసమ్ ఏబీ 1955 అనే చట్టం మీద సంతకం చేశారు. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మన తెలుగు గ్రూపుల్లో చాలామంది ఈ చట్టాన్ని తప్పుగా అర్థం చేసుకున్నారు. తల్లిదండ్రుల దగ్గర దాచమని అందులో లేదు. పిల్లల అనుమతి లేకుండా ఈ విషయం ఇంట్లో చెప్పి తీరాలని స్టాఫ్‌ని బలవంతపెట్టే రూల్ ఏ డిస్ట్రిక్టూ పెట్టకూడదని ఉంది. అలాంటి పిల్లల కుటుంబాలకి పనికొచ్చే సమాచారం తయారు చేయమని విద్యాశాఖకి కూడా చెప్పింది. ఆ రెండో మాట ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

అలాగని, ఇంటికి చెప్పాల్సిందే అనే ఎదుటి పక్షం వాళ్ళవి ఉత్త మాటలని నేను అనను. నేనూ తల్లినే. మా బాబుకి స్కూల్లో ఒక జ్వరం మాత్ర వేయాలన్నా డాక్టరు కాగితం, నా సంతకం ఉండాలి. మోకాలు దోక్కుపోతే నర్సు ఫోన్ చేస్తుంది. మ్యూజియంకి తీసుకెళ్ళాలంటే నెల ముందే అనుమతి పత్రం పంపుతారు. బిడ్డ పేరు మారితే మాత్రం నాకు కబురుండదా అని ఎవరైనా తల్లి అడిగితే నా దగ్గర తేలికైన జవాబు లేదు. పిల్లల కోసమే కన్నవాళ్ళని, ఊరిని వదిలి ఇక్కడ పడి ఉన్నాం అనుకునే మనలాంటి వాళ్ళకి ఆ మాట ఇంకా గట్టిగా తగులుతుంది. కానీ మూడు రోజుల్లో ఉత్తరం పంపే రూల్ మాత్రం తప్పనే అంటాను. ఆ ఉత్తరం ఏ ఇంటికి వెళుతోందో, తలుపు వెనక ఎవరున్నారో, పంపేవాళ్ళకి తెలియదు. ఎనిమిదేళ్ళుగా పిల్లల పక్కన కూర్చుంటున్నాను కాబట్టి చెబుతున్నాను. మార్కులు తగ్గాయని ఇంటికి చెప్పొద్దని కాళ్ళావేళ్ళా పడిన పిల్లలున్నారు, అందులో మనవాళ్ళే ఎక్కువ.

2025 జూన్‌లో సెలవులకి వైజాగ్ వచ్చాను. జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు మేరీలాండ్‌లోని మాంట్గొమరీ కౌంటీ కేసులో తీర్పు ఇచ్చింది. స్వలింగ జంటలు, ట్రాన్స్‌జెండర్ పిల్లలు ఉన్న కథల పుస్తకాలు చదివే పూట, మతవిశ్వాసం అడ్డొస్తే తమ పిల్లల్ని పక్కకి పంపమని అడిగే హక్కు తల్లిదండ్రులకి ఉందని ఆరుగురు జడ్జీలు అన్నారు, ముగ్గురు విభేదించారు. అది పుస్తకాల గురించి, పేర్ల గురించి కాదు. అయినా నా ఫోన్ నిండా “గెలిచాం” అని మెసేజ్‌లు. మేడ మీద నిలబడి అవి చదువుతుంటే నాకు ఆ తల్లి మొహమే గుర్తొచ్చింది.

జులై 9న సింహాచలం గిరి ప్రదక్షిణ. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరిన జనం అప్పుఘర్ మీదుగా మా ఎంవీపీ కాలనీకి వస్తారు. ఏటా మా వీధివాళ్ళు మజ్జిగ పోస్తారు. ఆ సాయంత్రం నేనూ అక్కా గ్లాసులు అందిస్తూ నిలబడ్డాం. నడిచేవాళ్ళలో ఒక హిజ్రాల గుంపు కూడా ఉంది. పక్కింటి పిన్నిగారు ఎదురెళ్ళి మనవడి తల మీద చెయ్యి పెట్టించుకున్నారు. అక్క అది చూసి మెల్లగా అంది: “మా తొమ్మిదో తరగతిలో ఒక గుంటడున్నాడే. నడక, మాట కాస్త మెత్తన. మిగతా గుంటలు ఆడంగి, ఆడంగి అని ప్రాణం తీసేస్తన్నారు. పది రోజుల నుంచి బడికి రావడం లేదు. రేపు వాళ్ళమ్మ వస్తుంది. ఏటి చెప్పమంటావ్?”

మర్నాడు, జులై 10న రాష్ట్రమంతా స్కూళ్ళలో మెగా పీటీఎం, అంటే తల్లిదండ్రులూ టీచర్లూ కలిసే సమావేశం. అక్క గోపాలపట్నం వైపు ప్రభుత్వ హైస్కూల్లో టీచర్. అప్పుడు తనకి మా కాలిఫోర్నియా తల్లి సంగతి చెప్పాను. అంతా విని, “మీకు చట్టాలైనా ఉన్నాయి, తిట్టుకోడానికి. మాకేటున్నాయే?” అంది.

ఉన్నాయి. 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) కేసులో మన సుప్రీంకోర్టు, మనిషి తన జెండర్ తానే చెప్పుకునే హక్కుని ఒప్పుకుంది. 2019లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం వచ్చింది. అందులో మైనర్ల గుర్తింపు పత్రానికి తల్లిదండ్రులో సంరక్షకులో దరఖాస్తు చేయాలని రాశారు. అంటే మన చట్టం కథ ఇంట్లోనే మొదలవుతుంది. ఇంట్లో చెప్పుకోలేని బిడ్డకి అక్కడే దారి మూసుకుపోతుంది. ఇలాంటి పిల్లల గురించి టీచర్ల కోసం ఎన్‌సీఈఆర్‌టీ 2021లో ఒక శిక్షణ పుస్తకం తయారు చేసింది. ఫిర్యాదులు, బాలల హక్కుల కమిషన్ నోటీసు వచ్చి, కొద్ది రోజులకే వెబ్‌సైట్‌లోంచి తీసేశారు. పాతికేళ్ళ సర్వీసున్న మా అక్క అలాంటి పుస్తకం ఒకటుందని నా నోటే విన్నది.

“వాడి గురించి నీకు తెలిసిందేంటి? పిల్లలు ఏడిపిస్తున్నారనే కదా. అదొక్కటే చెప్పు. మిగతాది వాడు చెప్పుకోవాలి” అన్నాను. చెప్పానే గానీ, ఆ మాట నాకే సరిపోలేదు.

పీటీఎం రోజు అక్క సాయంత్రం అయిదు దాటాక వచ్చింది. ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. ప్రోగ్రెస్ కార్డులు చూపించడాలు, భోజనాలు అయ్యాక ఆ తల్లి చివరిదాకా ఆగిందట. 75 శాతం హాజరు లేకపోతే తల్లికి వందనం (పిల్లల్ని బడికి పంపే తల్లులకి ప్రభుత్వం ఇచ్చే) డబ్బులు ఆగిపోతాయేమో అని మొదలుపెట్టిందట. అక్క, పిల్లల్ని తను మందలిస్తానని, ముందు బెంచీలో కూర్చోబెట్టుకుంటానని, రేపట్నుంచి పంపమని చెప్పిందట. ఆడంగి అన్న మాట అక్క నోటంట రానేలేదు. ఆ తల్లి చుట్టూ చూసి, గొంతు తగ్గించి, “నాకు తెలుసు టీచర్ గారూ. చిన్నప్పట్నుంచీ తెలుసు. వాళ్ళ నాన్నకి మాత్రం చెప్పకండి. చంపేస్తాడు” అందట.

నేను చాలాసేపు మాట్లాడలేదు. తల్లిదండ్రుల హక్కు అని అక్కడా ఇక్కడా ఒకే మాటగా రాస్తారు. ఇంట్లోకి తొంగి చూస్తే తల్లి ఒకరు, తండ్రి ఒకరు. ఒకరికి తెలిసింది ఇంకొకరి దగ్గర దాస్తూ మధ్యలో బిడ్డని కాచుకునే ఇళ్ళు ఎన్నో. ఆ ఇంటికి బడి ఉత్తరం పంపితే అది ఎవరి చేతిలో పడుతుంది? బడి నోరు మూసుకుంటే ఆ తల్లికి తోడెవరు? స్కూల్ నుంచి ఒక్కరైనా ఆవిడ పక్కన కూర్చుని, నీకు తెలిసిందే మాకూ తెలుసమ్మా, భయపడకు, అనగలిగితే చాలని నాకు అనిపించింది. ఆ ఏర్పాటు చినో వ్యాలీ రూల్‌లోనూ కనబడలేదు, మన చట్టంలోనూ కనబడలేదు.

అక్క కొంగుతో మొహం తుడుచుకుని, “మరి మీ కాలిఫోర్నియా తల్లికి కూడా తెలిసే ఉంటుందేమోనే?” అంది.

తెలియదని కౌన్సిలర్ చెప్పింది అనబోయి ఆగిపోయాను. ఆ పదిహేను నిమిషాలూ మళ్ళీ మొదట్నుంచీ గుర్తు చేసుకున్నాను. నిద్ర పోవడం లేదు. గదిలోంచి రావడం లేదు. అన్నం తినడం లేదు. మా అమ్మాయి అనో, మా అబ్బాయి అనో ఒక్కసారి కూడా ఆవిడ నోట రాలేదు. పేరు కూడా రాలేదు.