రిపోర్టులన్నీ నార్మల్ అన్న రోజు

జూన్ మూడో వారం. తొమ్మిదో తరగతి, రెండో పీరియడ్. బోర్డు మీద బహుపదుల లెక్క సగం రాసేసరికి కడుపులో ఒక్కసారిగా మెలిపెట్టింది. చాక్‌పీసు టేబుల్ మీద పెట్టి, "మిగతాది మీరు చేస్తూ ఉండండి" అని పిల్లలతో చెప్పి కారిడార్ చివరిదాకా దాదాపు పరిగెత్తాను. 22 ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. పీరియడ్ మధ్యలో క్లాసు వదిలి రావడం అదే మొదటిసారి. ఆ వారంలోనే ఇంకో మూడుసార్లు రావాల్సి వచ్చింది.

నాకు 46 ఏళ్లు. నాది రాళ్లు తిన్నా అరిగించుకునే కడుపని మా అమ్మ అంటూ ఉండేది. మే నెలలో వనస్థలిపురంలో బంధువుల గృహప్రవేశానికి వెళ్లొచ్చాక వాంతులు, జ్వరం, లూజ్ మోషన్స్. సెలైన్ పెట్టారు, నాలుగో రోజుకి లేచి తిరిగాను. జ్వరమైతే పోయింది గానీ కడుపు మళ్లీ మునుపటిలా కాలేదు. పొద్దున్నే మూడుసార్లు, తిన్న అరగంటకి మళ్లీ. వెళ్లొస్తే నొప్పి తగ్గేది, కానీ పూర్తిగా అవలేదనే అనిపించేది. సాయంత్రమయ్యేసరికి కడుపు ఉబ్బిపోయి చీర కుచ్చిళ్లు వదులు చేసుకోవాల్సి వచ్చేది.

మా ఇల్లు దిల్‌సుఖ్‌నగర్, స్కూలు ఖైరతాబాద్. మెట్రోలో ఎక్కడా మారక్కర్లేదు, హాయిగా పుస్తకం చదువుకుంటూ వెళ్లేదాన్ని. ఆ జూన్ నుంచి పుస్తకం తీయలేదు. మలక్‌పేట దాటితే గుండె దడ మొదలయ్యేది. ఎంజీబీఎస్‌లో దిగేయాలా, నాంపల్లి దాకా ఆగగలనా అన్నదే ఆలోచన. ఏ స్టేషన్లో టాయిలెట్ ఎటువైపుందో కంఠతా వచ్చేసింది. పొద్దున టిఫిన్ మానేశాను. వేడి చేసిందన్నవాళ్లున్నారు, గ్యాస్ అన్నవాళ్లున్నారు. జీలకర్ర నీళ్లు, వాము, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు, అన్నీ అయ్యాయి.

దసరా సెలవుల్లో గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి వెళ్లాం. మోషన్‌లో రక్తం పడుతోందా, బరువు తగ్గారా, రాత్రి నిద్రలో నొప్పితో మెలకువ వస్తోందా, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉందా అని వరసగా అడిగారు. అన్నిటికీ లేదన్నాను. అయినా ఈ వయసులో కొత్తగా మొదలైంది కాబట్టి చూసి తీరాలన్నారు. ఈ ఒక్క మాట నా ఈడువాళ్లందరికీ చేతులు పట్టుకుని చెప్పాలనుంది. ఇది ఐబీఎస్సేలే (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, పేగు చూడ్డానికి బాగానే ఉన్నా పనిచేసే తీరు మారే సమస్య) అని మీకు మీరే పేరు పెట్టుకుని ఇంట్లో కూర్చోకండి. రక్త పరీక్షలు, థైరాయిడ్, గోధుమలు పడని సీలియాక్ జబ్బుకి ఒక పరీక్ష, పేగులో వాపు ఉందేమో చూసే కాల్‌ప్రొటెక్టిన్, చివరికి పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే కొలనోస్కోపీ చేయించుకున్నాను.

అన్నీ నార్మల్. మా ఆయన ఊపిరి పీల్చుకుని "ఏమీ లేదు కదా, ఇంకెందుకు టెన్షన్?" అన్నారు. ఆయన సంతోషంలో తప్పు లేదు. కానీ తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నేను కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను. ఏమీ లేకపోతే ఇన్ని నెలలుగా నేను పడుతున్నదేమిటి?

రెండు వారాల తర్వాత వెళ్లినప్పుడు అదే ప్రశ్న డాక్టర్ని అడిగాను. ఇది ఐబీఎస్ అన్నారు. దాన్ని నిర్ధారించడానికి రోమ్ ప్రమాణాలని ఉన్నాయట, నాలుగో కూర్పు 2016లో వచ్చింది. లక్షణాలు మొదలై ఆరు నెలలు కావాలి, చివరి మూడు నెలల్లో సగటున వారానికి ఒక రోజైనా నొప్పి ఉండాలి, దాంతోపాటు మోషన్ తీరు మారాలి. లెక్కల టీచర్ని కదా, అక్కడే వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. అన్నీ సరిపోయాయి. కడుపులో ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గినవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి ఇలా మిగిలిపోతుందట. మైకు సౌండ్ బాగా పెంచేస్తే గుసగుస కూడా హోరుమన్నట్టు, మామూలువాళ్లకి తెలియను కూడా తెలియని కాస్త గ్యాస్ నా పేగు నరాలకి నొప్పిగా తెలుస్తోందన్నారు. పేగు చూడ్డానికి బాగానే ఉంటుంది, పనిచేసే తీరే మారింది. ఆ మాటతో నా బాధకి ఒక పేరు దొరికింది.

తర్వాత తిండి సంగతి. చిన్నపేగులో సరిగా ఇంకని కొన్ని పిండిపదార్థాలు పెద్దపేగులోకి వెళ్లి పులుస్తాయి, నీటిని లాగుతాయి. వాటినే ఫోడ్‌మ్యాప్స్ అంటారు. ఆస్ట్రేలియాలోని మొనాష్ యూనివర్సిటీవాళ్లు తయారుచేసిన పద్ధతి ప్రకారం కొన్ని వారాలు వాటిని మానేసి, ఆ తర్వాత ఒక్కొక్కటే తిని చూడాలి. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు లేకుండా మన వంట ఎలా అని నేను దిగులుపడుతుంటే మా అత్తయ్య, "కార్తీకం వస్తోంది కదమ్మా, ఎలాగూ ఇంట్లో ఉల్లీ వెల్లుల్లీ ఉండవు, ఆ నెలే పెట్టుకో" అన్నారు. బీరకాయ, వంకాయ, క్యారెట్, అన్నం. షుగరొస్తుందేమోనన్న భయంతో రెండేళ్లుగా రాత్రిళ్లు తింటున్న మూడు చపాతీలు ఆపేశాను. మూడో వారానికి నాకే తేడా తెలిసింది.

కార్తీకం అయ్యాక ఒక లాంగ్ నోట్‌బుక్‌లో గీతలు కొట్టి రాయడం మొదలుపెట్టాను. పావు ఉల్లిపాయ వేయించుకుని అన్నంలో తిన్నాను, మూడు గంటల్లో కడుపు బిగదీసుకుపోయింది. టీలో పాలు పడ్డాయి. ఒక చపాతీ పడింది, మూడు పడలేదు. వెల్లుల్లి రెబ్బల్ని నూనెలో వేయించి తీసేస్తే ఆ నూనె వాడుకోవచ్చు, ఇబ్బందిపెట్టే పదార్థం నూనెలో కరగదు. అలా పెట్టిన చారు తిన్నప్పుడు ఎన్నాళ్లకో మా ఇంటి రుచి తగిలింది. అయితే ఇవి నా కడుపు లెక్కలు, ఇంకొకరికి ఇవే వర్తిస్తాయని కాదు.

భోజనానికి ముందు ఒక మాత్ర ఉంది. అది చాలకపోతే డిప్రెషన్‌కి వాడే మందుల్లో ఒకటి చాలా తక్కువ డోసులో ఇస్తామన్నారు. నా మనసు బాగోలేదనుకుంటున్నారా అని ముందు బాధేసింది. ఆ డోసు పేగు నరాల కోసమని వివరించాక శాంతించాను. ఇప్పటికైతే దాని అవసరం రాలేదు.

ఇప్పటికీ చెడ్డ రోజులున్నాయి. పరీక్ష పేపర్లు దిద్దే వారం తప్పకుండా తిరగబెడుతుంది. జనవరిలో అలాంటి ఒక రోజు స్టాఫ్ రూమ్‌లో ఉండబట్టలేక ఫిజిక్స్ మేడమ్‌తో అంతా చెప్పేశాను. ఆవిడ టిఫిన్ బాక్సు మూత పెట్టేసి, "నాకు నాలుగేళ్లుగా ఇదే మేడమ్, మా ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు" అన్నారు. మా రెండు క్లాసులూ పక్కపక్కనే. ఇప్పుడు ఒకరు బయటికి వెళ్లాల్సి వస్తే రెండోవాళ్లు వచ్చి, రెండు గుమ్మాల మధ్య కారిడార్‌లో నిలబడతాం.