క్యాలెండరు చెప్పిన జబ్బు

పద్నాలుగు నెలల్లో ఐదుసార్లు, ప్రతిసారీ తెల్లవారుజామున నాలుగు, ఐదు గంటల మధ్యనే నాకు వాంతులు మొదలయ్యాయి. ముందు చెమటలు పట్టి, నోట్లో నీళ్లూరి, కడుపులో తిప్పేది. తిన్నదంతా పోయాక పచ్చటి పసరు, అదీ అయిపోయాక ఉత్త డోకులు, గంటకు ఐదారుసార్ల చొప్పున రెండు రోజులు అదే వరస. మూడో రోజు ఉదయానికి అంతా ఆగిపోయి, ఆకలేసి, గంజి అడిగి తాగేవాడిని. ఆ తరువాత రెండు మూడు నెలలు నాకే జబ్బూ ఉన్నట్టు ఎవరికీ అనిపించేది కాదు.

గాజువాకలో మా ఇల్లు, పరవాడ వైపు మందుల కర్మాగారంలో షిఫ్టుల ఉద్యోగం. "పైత్యం చేసింది నాయనా" అని అమ్మ జీలకర్ర కషాయం కాచి ఇచ్చి, దిష్టి తీసేది. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి, ఇంజెక్షన్ చేసి, గ్యాస్ మాత్రలు రాసి పంపేవారు. ఒకచోట డ్యూటీ డాక్టరు నా భార్యను పక్కకు పిలిచి, నేను తాగుతానా అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే, కాదనను; కానీ లేదని ఆమె చెప్పినా నమ్మకుండా మళ్లీ మళ్లీ అడగడం మా ఇద్దరినీ చాలా బాధపెట్టింది. రక్త పరీక్షలు, అల్ట్రాసౌండ్, ఎండోస్కోపీ, సీటీ స్కాన్ అన్నీ బాగానే ఉన్నాయి కనుక టెన్షన్ తగ్గించుకోమన్నారు.

అయిదోసారి తరువాత మహారాణిపేటలో ఉదరకోశ వ్యాధుల నిపుణురాలి దగ్గరకు వెళ్లినప్పుడు, నా భార్య రిపోర్టుల ఫైలుతో పాటు వంటింటి గోడకున్న తెలుగు క్యాలెండర్లు రెండూ చుట్టి తెచ్చింది. పాలు రాని రోజులు, గ్యాస్ బండ మార్చిన తేదీలు రాసుకునే ఆ గళ్లలోనే ఖర్చుల లెక్క కోసం "సెలైన్" అని ఎర్ర పెన్నుతో రాసి పెట్టింది. డాక్టరమ్మ ఫైలు పక్కన పెట్టి ఆ క్యాలెండర్లనే చాలాసేపు చూశారు. ఐదింట నాలుగు, వరుస నైట్ షిఫ్టులు ముగిసిన వారంలోనే వచ్చాయి. మిగిలినది మా చెల్లెలి పెళ్లి మరునాడు.

ఇంట్లో ఎవరికైనా ఒంటి తలనొప్పి (మైగ్రేన్) ఉందా అని అడిగారు. మా అమ్మకు ముప్పై ఏళ్లుగా ఉంది. తరువాత, దాచవద్దంటూ, గంజాయి అలవాటు ఉందా అని సూటిగా అడిగారు. ఏళ్ల తరబడి గంజాయి ఎక్కువగా వాడేవారిలో కొందరికి ఇలాంటి వాంతులే వస్తాయనీ, వేడినీళ్ల స్నానంతో ఉపశమనం కలుగుతుందనీ, పూర్తిగా మానేస్తేనే తగ్గుతాయనీ వివరించారు. నాకూ వేడినీళ్లు హాయిగానే ఉండేవి కనుక భయపడ్డాను. గంజాయి ముట్టకపోయినా ఇలాంటి వాంతులు వచ్చేవారిలోనూ చాలామందికి అలాగే ఉంటుందని ఆవిడే సర్దిచెప్పారు. అలవాటు లేదన్న నా జవాబును ఆవిడ నమ్మారు.

నాది సైక్లిక్ వామిటింగ్ సిండ్రోమ్, అంటే విడతలు విడతలుగా వాంతులు వచ్చిపోయే జబ్బు. పేగుకూ మెదడుకూ మధ్య సంకేతాలు గాడి తప్పడం వల్ల వచ్చేది కనుక ఎండోస్కోపీలో పుండులా కనబడదు. చిన్నపిల్లల జబ్బుగా 1882లోనే వైద్యులు వర్ణించినా, పెద్దవాళ్లలో దీన్ని పోల్చుకోవడం తరచూ ఆలస్యమవుతుంది. ఇలాంటి జబ్బులను గుర్తించడానికి వైద్యులు వాడే 2016 నాటి రోమ్ ప్రమాణాల ప్రకారం, ఒకే తీరుగా హఠాత్తుగా మొదలై వారంలోపు తగ్గే విడతలు ఏడాదిలో కనీసం మూడు, వాటిలో చివరి ఆరు నెలల్లో రెండు, కనీసం వారం ఎడంతో రావాలి. నడుమ వాంతులు ఉండకూడదు. వారంలో ఒక రోజైనా వికారమో, ఒక వాంతో ఉంటూ నెలల తరబడి వదలని బాధ వేరు, దానికి వైద్యమూ వేరు. రక్తం పడినా, బరువు తగ్గుతున్నా ముందు ఇతర జబ్బులు లేవని తేల్చుకోవాలి.

విడతలు రాకుండా ఆపడానికి రాత్రిపూట అమిట్రిప్టిలిన్ అనే మందు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. మొదటి నెల నోరు ఎండిపోయి, పొద్దున మత్తుగా ఉండేది. డాక్టరమ్మ ఇచ్చిన ధ్రువపత్రం చూపి, నైట్ షిఫ్టులు తప్పించుకున్నాను. చెమట పట్టగానే వాంతులు ఆపడానికి, నాలుక మీద కరిగే ఒండాన్‌సెట్రాన్ మాత్ర వేసుకుని చీకటి గదిలో పడుకుంటాను.

ఏడాదిన్నరలో ఒక్కసారే ఆసుపత్రి దాకా వెళ్లాల్సి వచ్చింది. జబ్బు పేరు, ఇవ్వవలసిన మందులు రాసి డాక్టరమ్మ సంతకం చేసిన కాగితం ఎప్పుడూ నా పర్సులో ఉంటుంది. ఆ రాత్రి డ్యూటీ డాక్టరు దాన్ని చదివి, ఇంకేమీ అడగకుండా లైట్లు తగ్గించమని నర్సమ్మకు చెప్పి, సెలైన్ పెట్టించారు.