అందరూ గొంతు పోతుందన్నారు, ఏడిపించింది మాత్రం కాల్షియం

నా మెడ వాచిందని ముందు కనిపెట్టింది మా ఆడపడుచు. పెళ్లి ఫొటోలు చూస్తూ "వదినా, మెడ దగ్గర ఏంటది?" అంది. నొప్పి లేదు, థైరాయిడ్ పనితీరు చెప్పే రక్తపరీక్ష టీఎస్‌హెచ్ కూడా నార్మల్. రక్తపరీక్ష బాగున్నా థైరాయిడ్ గ్రంథిలో గడ్డలు పెరగొచ్చని గుంటూరులో స్కానింగ్ తీశాకే తెలిసింది. గడ్డలు రెండు వైపులా ఉన్నాయి. ఎడమవైపుది శ్వాసనాళాన్ని పక్కకి నెడుతోంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడనట్టుండేది అందుకేనట. సూది పరీక్షలో క్యాన్సర్ కనపడలేదు గానీ, గ్రంథి మొత్తం తీసేయడమే మంచిదన్నారు.

ఇక చుట్టాలందరికీ ఒకటే టెన్షన్, మాట పోతుందేమోనని. స్వరతంతువుల్ని కదిలించే నరం గ్రంథి వెనకనుంచే వెళ్తుందట. అందుకే ముందుగా ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి స్వరపేటిక చూశారు. గ్రంథి వెనక బియ్యపు గింజల్లాంటి పారాథైరాయిడ్ గ్రంథులు నాలుగుంటాయని, కాల్షియాన్ని చూసుకునేవి అవేనని, ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు అవి మొరాయించొచ్చని కూడా డాక్టర్ చెప్పారు. నరం సంగతి విన్నంత శ్రద్ధగా ఇది ఎవరూ వినలేదు.

ఈసీజీ, మత్తు డాక్టర్ చెకప్ అయ్యాయి. ముందు గుండీలున్న నైటీలు కొనుక్కున్నా. తల మీంచి వేసుకునేవి ఆ టైములో పనికిరావు. పుస్తెలు తీయాలనేసరికి మా అత్తగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత పసుపుతాడు తెచ్చి నా మణికట్టుకి కట్టారు. థియేటర్ దగ్గర నర్సు దాన్ని విప్పమనలేదు, పైన ప్లాస్టర్ వేసి వదిలేసింది.

మెలకువ రాగానే పేరు చెప్పమన్నారు. బొంగురుగానైనా మాట వచ్చింది. కుట్ల కంటే మెడ వెనకే ఎక్కువ నొప్పి. ఆపరేషన్‌లో తల బాగా వెనక్కి వంచి ఉంచుతారు మరి.

మర్నాడు సాయంత్రం పెదవుల చుట్టూ తిమ్మిరి మొదలైంది. తర్వాత వేళ్ల కొసలు. మంచినీళ్ల గ్లాసు పట్టుకుంటే వేళ్లు దగ్గరికి ముడుచుకుపోయి, విప్పుదామన్నా రాలేదు. నిజంగా భయమేసింది అప్పుడే. రక్తం తీసి చూస్తే కాల్షియం పడిపోయింది. గుండెకి మానిటర్ పెట్టి, కాల్షియాన్ని రక్తనాళంలోకి నెమ్మదిగా ఎక్కించారు. తిమ్మిరి వస్తే రాత్రైనా సరే ఆలస్యం చేయకుండా రమ్మని చెప్పి ఇంటికి పంపారు.

ఇంట్లో అంతా మాత్రల టైమ్‌టేబులే. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలి, కాఫీకి గంట ఆగాలి. కాల్షియం మాత్రకీ దానికీ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టదు. ఆ గంట కాఫీ లేకుండా గడపడం ఆపరేషన్ కంటే కష్టం అంటే మావారు నవ్వుతారు గానీ, నిజం.

బయాప్సీలో క్యాన్సర్ లేదని వచ్చింది. ఆరు వారాలకి టీఎస్‌హెచ్ చూసి డోసు పెంచారు. కాల్షియం మాత్రలు మాత్రం ఒక్కసారిగా మాన్పించలేదు, రక్తపరీక్ష చూస్తూ కొద్దికొద్దిగా తగ్గించారు. మామూలు మాటకి ఇబ్బంది లేదు. పెద్దగా అరవాలంటే మాత్రం గొంతు ఇంకా జీరపోతోంది. మేడ మీంచి కూరగాయల బండిని పిలిచే పని మావారిది.

ఆ బండి దగ్గర పక్కింటావిడ కలిసి, "థైరాయిడ్ కదా, క్యాబేజీ తినొచ్చా?" అని అడుగుతుంది. గ్రంథే లేదు, ఇంక క్యాబేజీ దేన్ని పాడుచేస్తుందండీ? డాక్టర్‌నీ అడిగాను, హాయిగా తినమన్నారు. శనగపప్పు వేసి వండుకుంటున్నాం.